ఆర్క్ వెల్డింగ్ మెషిన్‌లో మోడ్ మార్చినప్పుడు ఏమేం మారాలి?

పూత ఉన్న రాడ్డు కరిగే రాడ్డు వెల్డింగ్, కరగని టంగ్‌స్టన్ కొనతో ఆర్క్ వెలిగించే టిగ్, మోటారు తోసే వైరు కరిగే మిగ్, ఈ మూడూ ఒకే పెట్టెలో ఇమిడిన ఇన్వర్టర్ మెషిన్లు వచ్చాక, ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారడం ఒక్క బటన్ నొక్కినంత తేలికగా కనిపిస్తోంది. నిజానికి ఆ బటన్ నొక్కినప్పుడు మారేది మెషిన్ లోపలి నియంత్రణ మాత్రమే. ఏ కేబుల్ ఏ సాకెట్‌లో ఉందో, సిలిండర్‌లో ఏ గ్యాసు ఉందో, వైరును లాగే రోలరుకు ఏ ఆకారపు గాడి ఉందో చాలా మెషిన్లకు తెలియదు. మోడ్ మార్చిన వెంటనే చెడిపోయిన అతుకులను జాగ్రత్తగా పరిశీలిస్తే, కొత్త మోడ్‌కు పెట్టిన అంకె తప్పు కావడం కంటే, పాత మోడ్‌కు చెందినది ఏదో ఒకటి మార్చకుండా వదిలేయడమే తరచుగా అసలు కారణంగా తేలుతుంది. అందువల్ల సెట్టింగుల పట్టికను కంఠస్థం చేయడం కంటే, ప్రతి మోడ్‌లోనూ మెషిన్ దేన్ని నిలకడగా పట్టి ఉంచుతోంది, దేన్ని వదిలేస్తోంది అన్నది ముందుగా అర్థం చేసుకోవడం మేలు.

ఆర్క్ పొడవు పెరిగితే దాని వోల్టేజి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మిగతా విషయమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. రాడ్డు వెల్డింగ్‌లో ఆర్క్ పొడవును నిర్ణయించేది వెల్డరు చేయి. ఎంత అనుభవం ఉన్న చేయి అయినా కొద్దిగా కదులుతూనే ఉంటుంది కాబట్టి, ఆ కదలికకు వోల్టేజి మారినా కరెంటు పెద్దగా మారకుండా మెషిన్ చూసుకోవాలి. టిగ్‌లోనూ ఇదే అవసరం. అందుకే ఈ రెండు మోడ్‌లూ స్థిర కరెంటు పద్ధతిలో పనిచేస్తాయి. మిగ్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మోటారు వైరును ఒకే వేగంతో తోస్తూ ఉంటుంది, మెషిన్ వోల్టేజిని స్థిరంగా ఉంచుతుంది, కరెంటు మాత్రం అవసరాన్ని బట్టి మారుతూ ఉంటుంది. టార్చ్, అంటే వైరు బయటకు వచ్చే చేతి పరికరం, కొంచెం దూరం జరిగి ఆర్క్ పొడవు పెరిగితే కరెంటు పడిపోతుంది. దాంతో వైరు నెమ్మదిగా కరుగుతుంది. మోటారు వేగం తగ్గలేదు కాబట్టి వైరు చివర మళ్లీ ముందుకు వచ్చి పాత ఆర్క్ పొడవు దానంతట అదే ఏర్పడుతుంది. మామూలు మిగ్‌లో ఈ సర్దుబాటు సెకనుకు ఎన్నోసార్లు, ఎవరి ప్రమేయమూ లేకుండా జరుగుతుంది. స్థిర కరెంటు మోడ్‌లోనే ఉంచి మిగ్ టార్చ్ వాడితే ఈ సర్దుబాటు జరగదు. వైరు కరిగిన లోహపు మడుగులోకి పొడుచుకుపోవడమో, వెనక్కి కరుగుతూ వచ్చి కాంటాక్ట్ టిప్పుకు, అంటే టార్చ్ చివర వైరుకు కరెంటు అందించే ముక్కకు, అతుక్కుపోవడమో జరుగుతుంది.

ఈ తేడాను అంకెల్లో చూడాలంటే వెల్డింగ్ మెషిన్లకు వర్తించే ఐఈసీ 60974-1 ప్రమాణం పరీక్షల కోసం నిర్దేశించిన లోడ్ వోల్టేజి సూత్రాలు ఉపయోగపడతాయి. కరెంటు ఆంపియర్లలో ఎంత ఉందో దాన్ని 0.04తో గుణించి 20 కలిపితే రాడ్డు వెల్డింగ్ వోల్టేజి, 10 కలిపితే టిగ్ వోల్టేజి వస్తుంది, మిగ్‌కు 0.05తో గుణించి 14 కలపాలి. ఆ లెక్కన 100 ఆంపియర్ల వద్ద రాడ్డుకు 24 వోల్టులు, టిగ్‌కు 14, మిగ్‌కు 19 వోల్టులు. అంటే తెరపై అదే 100 కనిపిస్తున్నా, ఆర్క్‌లో ఖర్చయ్యే శక్తి రాడ్డులో 2.4 కిలోవాట్లు, టిగ్‌లో 1.4 కిలోవాట్లు మాత్రమే. ఒక మోడ్‌లో బాగా పనిచేసిన కరెంటు అంకెను మరో మోడ్‌కు అలాగే తీసుకెళ్లకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. పని జరుగుతున్నప్పుడు వోల్టేజిని చూపించే మెషిన్ అయితే ఈ విలువలు మరో విధంగానూ అక్కరకొస్తాయి: కనిపించే వోల్టేజి వీటికంటే బాగా ఎక్కువగా ఉంటే ఆర్క్ మరీ పొడవైందనో, కేబుల్ కనెక్షన్ ఎక్కడో వదులైందనో అనుమానించవచ్చు.

తర్వాత చూడవలసింది ధ్రువత, అంటే టార్చ్ లేదా హోల్డరు ప్లస్‌లో ఉండాలా మైనస్‌లో ఉండాలా అన్న విషయం. టిగ్‌లో టంగ్‌స్టన్ కొన మైనస్‌లో ఉంటుంది. వేడెక్కిన టంగ్‌స్టన్ ఎలక్ట్రాన్లను సులభంగా వెలువరిస్తుంది, అవి వెళ్లి తాకే చోట, అంటే పని ముక్క మీద, వేడిలో సుమారు 70 శాతం చేరుతుంది. కేబుళ్లు తారుమారైతే ఆ వేడి టంగ్‌స్టన్ మీద పడి కొన క్షణాల్లో కరిగి ఉండ కడుతుంది. గ్యాసుతో వాడే ఘన వైరు మిగ్‌కు టార్చ్ ప్లస్‌లో ఉండాలి. మైనస్‌లో పెడితే ఆర్క్ నిలకడగా ఉండదు, లోహం పెద్ద ఉండలుగా జారుతుంది, బీడ్, అంటే అతుకు వెంట గట్టిపడిన లోహపు చార, లోపలికి దిగకుండా పైనే కూర్చున్నట్టు కనిపిస్తుంది. లోపల ఫ్లక్స్ పొడి నిండి, గ్యాసు అవసరం లేని ఫ్లక్స్ కోర్ వైర్లలో ఎక్కువ వాటికి టార్చ్ మైనస్‌లో ఉండాలి, గ్యాసుతో వాడే ఫ్లక్స్ కోర్ వైర్లకు సాధారణంగా మళ్లీ ప్లస్. రాడ్డు విషయంలో పైపూత రసాయనమే నిర్ణయిస్తుంది; రాడ్డు రకాన్ని దాని సంఖ్య తెలుపుతుంది: 6013 రాడ్డు ఏసీ మీదా, డీసీలో రెండు ధ్రువాల మీదా నడుస్తుంది, 7018కు డీసీ ప్లస్ లేదా ఏసీ, 6010కు డీసీ ప్లస్ ఒక్కటే. రాడ్డు పెట్టె మీద ముద్రించిన ధ్రువత గుర్తును చదవడానికి పట్టే కొద్ది సెకన్లు తర్వాత గంటల గ్రైండింగ్‌ను తప్పిస్తాయి.

బహుళ పద్ధతుల మెషిన్లలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. వైరు ఫీడరుకు కరెంటు అందించే చిన్న కేబుల్ ముక్క ఒకటి ముందు పలక మీద వేలాడుతూ ఉంటుంది, దాన్ని ప్లస్‌లోనో మైనస్‌లోనో చేత్తో గుచ్చాలి. మోడ్ బటన్‌కూ ఈ కేబుల్‌కూ ఏ సంబంధమూ లేదు. ఫ్లక్స్ కోర్ వైరుతో పనిచేసి, ఘన వైరు ఎక్కించి, గ్యాసు కూడా కలిపి, ఈ కేబుల్‌ను మాత్రం మైనస్‌లోనే మరచిపోవడం అతి సామాన్యమైన పొరపాటు; ఆ తర్వాత వోల్టేజినీ, వైరు వేగాన్నీ ఎంత తిప్పినా అతుకు బాగుపడదు.

రాడ్డు వెల్డింగ్ మోడ్‌లో అమర్చవలసినవి తక్కువ. ప్రధానమైనది కరెంటు, దానికి ఆధారం రాడ్డు వ్యాసం: మిల్లీమీటరుకు 30 నుంచి 40 ఆంపియర్లుగా మొదలుపెట్టవచ్చు. ఆ ప్రకారం 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు దాదాపు 75 నుంచి 100, 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 95 నుంచి 125 ఆంపియర్లు. నిలువుగా కింది నుంచి పైకి వెల్డు చేసేటప్పుడు మడుగు జారిపోకుండా 10 నుంచి 15 శాతం తగ్గించడం అలవాటు. కరెంటు చాలకపోతే రాడ్డు అతుక్కుపోతుంది, బీడ్ సన్నగా ఎత్తుగా వస్తుంది, చిట్టెం లోహంలో చిక్కుకుంటుంది; ఎక్కువైతే రాడ్డు సగం కాలేసరికే ఎర్రబడి పూత పెళుసుబారుతుంది, అతుకు అంచుల వెంట అండర్‌కట్ గాడి పడుతుంది.

హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్, యాంటీ స్టిక్ అన్న మూడు సదుపాయాలు ఇన్వర్టర్లతో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. యాంటీ స్టిక్ రాడ్డు అతుక్కుపోయినప్పుడు కరెంటును తగ్గించి దాన్ని విడదీయడానికి వీలు కల్పిస్తుంది. హాట్ స్టార్ట్ ఆర్క్ అంటుకునే మొదటి క్షణంలో కరెంటును కొంత శాతం పెంచుతుంది. మందమైన ముక్కకూ, 7018 రాడ్డుకూ ఇది ఎంతో ఉపకరిస్తుంది. పలుచని రేకు మీద మాత్రం మొదటి తాకిడికే రంధ్రం చేస్తుంది. ఆర్క్ ఫోర్స్ పని వేరు: రాడ్డు మడుగుకు మరీ దగ్గరై వోల్టేజి ఒక హద్దు కంటే పడిపోయినప్పుడు, రాడ్డు అతుక్కోకముందే కరెంటును పెంచి దాన్ని విడిపిస్తుంది. మెత్తగా నడిచే 6013కు దీన్ని తక్కువగా, 7018కు మధ్యస్థంగా, తవ్వుకుంటూ పోవలసిన 6010కు ఎక్కువగా పెట్టడం సబబు. ఆర్క్ ఫోర్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న అభిప్రాయం సరికాదు. అవసరానికి మించితే తుంపరలు పెరగడం తప్ప ఫలితం ఉండదు. 6010 నడవాలంటే మెషిన్ అవసరమైనప్పుడు ఎక్కువ వోల్టేజి అందించగలగాలి, అందువల్ల 7018ని చక్కగా కాల్చే కొన్ని చిన్న ఇన్వర్టర్లు 6010 దగ్గర ఆర్క్‌ను నిలబెట్టలేవు. ఇక వీఆర్‌డీ అన్నది ఆర్క్ లేనప్పుడు హోల్డరు వద్ద ఉండే వోల్టేజిని తగ్గించి షాక్ ప్రమాదాన్ని తగ్గించే రక్షణ. అది పనిచేస్తున్నప్పుడు కొన్ని రాడ్లు అంటుకోవడం కొంచెం కష్టమవుతుంది. ఆ కారణంతో తడి నేల మీదో, ఇరుకైన లోహపు ట్యాంకులోనో పనిచేస్తూ దాన్ని ఆపివేయడం ప్రాణాలతో చెలగాటమే.

టిగ్‌కు మారేటప్పుడు మొదట చూడవలసింది సిలిండర్. మిగ్‌లో ఉక్కుకు వాడే గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అది వేడి టంగ్‌స్టన్‌ను వెంటనే ఆక్సీకరణ చేసి నల్లబరుస్తుంది. టిగ్‌కు శుద్ధమైన ఆర్గాన్ కావాలి, సాధారణ నాజిల్‌కు నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు సరిపోతుంది. ప్రత్యేక టిగ్ మోడ్ లేని మెషిన్‌లో రాడ్డు మోడ్‌లోనే టిగ్ టార్చ్ వాడవలసి వస్తే, హాట్ స్టార్ట్‌నూ ఆర్క్ ఫోర్స్‌నూ సున్నాకు తేవాలి. లేకపోతే టంగ్‌స్టన్ ముక్కను తాకిన ప్రతిసారీ అవి కరెంటును ఎగదోసి సన్నని కొనను పాడుచేస్తాయి. లిఫ్ట్ టిగ్ మోడ్ సరిగ్గా ఈ ఇబ్బంది తీర్చడానికే పుట్టింది: కొన తాకినప్పుడు అతి తక్కువ కరెంటు మాత్రమే ప్రవహించి, ఎత్తిన తర్వాతే అసలు కరెంటు వస్తుంది. హెచ్ఎఫ్ పద్ధతిలో తాకవలసిన అవసరమే లేదు, అధిక పౌనఃపున్యపు నిప్పురవ్వ ఖాళీని దూకి ఆర్క్‌ను వెలిగిస్తుంది. అయితే అది దగ్గరలోని ఎలక్ట్రానిక్ పరికరాలకు అంతరాయం కలిగించగలదు, పేస్‌మేకర్ ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి.

టంగ్‌స్టన్ కొనను పొడవు దిశలోనే గ్రైండ్ చేయాలి. అడ్డంగా పడిన గీతలు ఆర్క్‌ను అటూ ఇటూ తిప్పుతాయి. వెల్డు ముగింపులో కరెంటును ఒక్కసారిగా ఆపకుండా డౌన్ స్లోప్‌తో క్రమంగా తగ్గిస్తే చివర గుంట పడి పగుళ్లివ్వడం తప్పుతుంది. పోస్ట్ ఫ్లో, అంటే ఆర్క్ ఆగాక కూడా గ్యాసు వచ్చే సమయం, ప్రతి 10 ఆంపియర్లకు ఒక సెకను చొప్పున పెట్టడం వాడుకలో ఉన్న లెక్క. గ్యాసు ఆదా చేద్దామని దాన్ని కోస్తే టంగ్‌స్టన్ నీలంగానో నల్లగానో మారుతుంది.

అల్యూమినియం దగ్గరకు వచ్చేసరికి డీసీ మైనస్ పనిచేయదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొరకు 2,000 డిగ్రీలు దాటిన వేడి కావాలి. లోపల లోహం నీరైనా పైన పొర తొడుగులా నిలిచి ఉంటుంది. టంగ్‌స్టన్ ప్లస్‌లో ఉన్న అరచక్రంలో ఆ పొర చెదిరిపోతుంది, మైనస్‌లో ఉన్న అరచక్రంలో ముక్క వేడెక్కుతుంది. అందుకే ఏసీ. ఏసీ బ్యాలెన్స్ నాబ్ ఈ రెండు పనుల మధ్య కాలాన్ని పంచుతుంది. మైనస్ వాటాను 65 నుంచి 75 శాతం మధ్య పెట్టి మొదలుపెట్టడం సురక్షితం. మడుగులో నల్లని మచ్చలు తేలుతుంటే శుభ్రత చాలడం లేదని, టంగ్‌స్టన్ కొన పెద్ద ఉండ అవుతుంటే ప్లస్ వాటా మితిమీరిందని అర్థం. ఈ నాబ్ విషయంలోనూ కొన్ని మెషిన్లు మైనస్ శాతాన్ని, కొన్ని ప్లస్ శాతాన్ని చూపుతాయి కాబట్టి, ఒక మెషిన్ అంకెను మరో మెషిన్‌లో పెట్టే ముందు అది దేని శాతమో తేల్చుకోవాలి.

మిగ్‌లో నాబులు రెండే కనిపించినా అసలైన కష్టం అక్కడే ఉంది, ఎందుకంటే రెండూ ఒకదాన్ని ఒకటి ప్రభావితం చేస్తాయి. కరెంటును నేరుగా అమర్చే నాబు స్థిర వోల్టేజి మోడ్‌లో ఉండదు. వైరు వేగమే కరెంటును నిర్ణయిస్తుంది. పలుచని, మధ్యరకం ఉక్కుకు మందంలో మిల్లీమీటరుకు సుమారు 40 ఆంపియర్లు అనుకుంటే, 3 మిల్లీమీటర్ల ఉక్కుకు 120 ఆంపియర్ల ప్రాంతం. 0.8 మిల్లీమీటర్ల వైరు 100 ఆంపియర్ల కోసం నిమిషానికి దాదాపు 5 మీటర్లు, 0.9 మిల్లీమీటర్ల వైరు 4 మీటర్లు నడవాలి. కాబట్టి ముందుగా మందాన్ని బట్టి వైరు వేగాన్ని నిర్ణయించి, దాన్ని కదపకుండా ఉంచి, వోల్టేజిని మాత్రమే సవరించడం తెలివైన క్రమం. వోల్టేజి తక్కువైతే వైరు ముక్కకు పొడుచుకుని టార్చ్‌ను వెనక్కి తన్నినట్టవుతుంది, బీడ్ తాడులా ఎత్తుగా వస్తుంది. ఎక్కువైతే వైరు కొన మీద పెద్ద బొట్టు కడుతుంది, బీడ్ పలచగా పరచుకుంటుంది, అంచులు కోసుకుపోతాయి. ఈ రెండింటి మధ్య, నూనెలో ఏదో వేగుతున్నట్టు ఎడతెగని సన్నని చిటపట వినిపించే చోటు ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ పద్ధతిలో వైరు సెకనుకు పదుల నుంచి రెండు వందల సార్ల వరకు మడుగును తాకుతూ విడిపోతూ ఉండటం వల్లే ఆ శబ్దం పుడుతుంది. రెండు నాబులనూ ఒకేసారి తిప్పేవారికి ఆ చోటు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

ఇండక్టెన్స్ సెట్టింగ్‌ను చాలామంది ముట్టుకోరు, అది విచారకరం. వైరు మడుగును తాకినప్పుడు కరెంటు ఎంత వేగంగా ఎగబాకాలో అది నిర్ణయిస్తుంది. పెంచితే ఎగబాకడం నెమ్మదించి తుంపరలు తగ్గుతాయి, మడుగు పలచగా పారుతుంది. తగ్గిస్తే ఆర్క్ బిరుసుగా, చురుగ్గా ఉంటుంది. తుంపరలు ఎక్కువగా ఉన్నాయని వోల్టేజిని పెంచుతూ పోయే బదులు ఒకసారి దీన్ని కదిపి చూడటం మంచిది. గ్యాసు మారినా వోల్టేజి మారాలి: శుద్ధ కార్బన్ డయాక్సైడ్‌కు ఆర్గాన్ మిశ్రమం కంటే రెండు మూడు వోల్టులు ఎక్కువ అవసరమవుతుంది. పైగా శుద్ధ కార్బన్ డయాక్సైడ్‌తో సాధారణ మెషిన్లలో లోహం సన్నని చినుకులుగా పడే స్ప్రే పద్ధతి రాదు, ఎంత వోల్టేజి పెట్టినా లోహం పెద్ద బొట్లుగానే పడుతుంది. ఆర్గాన్ అధికంగా ఉండి కార్బన్ డయాక్సైడ్ 20 శాతంలోపు ఉన్న మిశ్రమంతోనే వైరు సన్నని చినుకులుగా మారుతుంది. గ్యాసు ప్రవాహం నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. బీడ్‌లో రంధ్రాలు కనిపించగానే రెగ్యులేటరును 25కు తిప్పడం కొన్నిసార్లు ఎదురుతిరుగుతుంది, ఎందుకంటే మితిమీరిన ప్రవాహం సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది.

కాంటాక్ట్ టిప్పు నుంచి బయటకు వచ్చిన వైరు పొడవు కూడా ఒక సెట్టింగే, కాకపోతే అది మెషిన్ మీద కాక చేతిలో ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ పద్ధతిలో 10 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండవలసిన పొడవు 20 అయితే, వైరు నిరోధం వల్ల శక్తి అక్కడే ఖర్చయి కరెంటు తగ్గుతుంది, నాబులు కదలకపోయినా అతుకు లోతు పోతుంది. సినర్జిక్ మెషిన్లు వైరు వ్యాసం, గ్యాసు, మందం చెప్పగానే వోల్టేజిని తామే ఎంచుకుంటాయి, అది నిజంగా పెద్ద సౌకర్యం. అయితే ఆ ఎంపిక చెప్పిన వివరాలంత మాత్రమే సరైనది. తెరపై ఆర్గాన్ మిశ్రమం ఉండి సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉంటే, మెషిన్ ఎంచుకునే వోల్టేజి మొదటి నుంచే తక్కువ అవుతుంది.

వైరు మారితే యంత్ర భాగాలూ మారాలి. ఘన ఉక్కు వైరుకు వీ ఆకారపు గాడి ఉన్న రోలరు, లోపల పొడి నిండిన మెత్తని ఫ్లక్స్ కోర్ వైరుకు పళ్లున్న రోలరు, అల్యూమినియంకు యూ ఆకారపు గాడి. పళ్లున్న రోలరుతో ఘన వైరును నడిపితే అది వైరు మీద పూతను గీకి, ఆ పొడితో లైనరును, అంటే వైరు సాగే లోపలి గొట్టాన్ని, నింపుతుంది. రోలరు బిగింపు వైరు జారకుండా ఉన్నంత మాత్రమే ఉండాలి; ఎక్కువ బిగిస్తే ఫ్లక్స్ కోర్ వైరు నలిగి చదునవుతుంది, అల్యూమినియం వైరు ఫీడరు దగ్గరే చుట్టలు చుట్టుకుపోతుంది.

ఏ మోడ్‌కైనా ఎర్త్ క్లాంప్ సమానంగా ముఖ్యం. పెయింటు మీదో తుప్పు మీదో పట్టించిన క్లాంప్ దగ్గర వోల్టేజి కొంత హరించుకుపోతుంది. స్థిర కరెంటు మోడ్ దీన్ని కొంతవరకు సర్దుకుంటుంది, స్థిర వోల్టేజి మోడ్ సర్దుకోలేదు. అందుకే రాడ్డుతో పెద్దగా తెలియని క్లాంప్ లోపం మిగ్‌కు మారగానే బయటపడుతుంది. కేబుళ్లు చుట్టలుగా పడి ఉంటే వాటి ఇండక్టెన్స్, కరెంటు వేగంగా ఎగసి తగ్గుతూ ఉండే పల్స్ మోడ్‌లో, కరెంటు ఆకారాన్ని మార్చేస్తుంది. ఇక డ్యూటీ సైకిల్, అంటే మెషిన్ వేడెక్కకుండా ఎంత సేపు వెల్డు చేయగలదన్న శాతం: 10 నిమిషాల కాలాన్ని ప్రాతిపదికగా, 40 డిగ్రీల వాతావరణంలో లెక్కించే విలువ ఇది. 200 ఆంపియర్ల వద్ద 60 శాతం అంటే 6 నిమిషాలు వెల్డింగ్, 4 నిమిషాలు విరామం. అదే మెషిన్‌ను ఆపకుండా నడపాలంటే కరెంటు సుమారు 155 ఆంపియర్లకు దిగాలి. ఈ విలువలు పేరు పలక మీద ఒక్కో మోడ్‌కు వేర్వేరుగా ముద్రించి ఉంటాయి.

మెషిన్ ఆపి ఉండగానే కేబుళ్ల ధ్రువత, గ్యాసు, వైరు, రోలరు, టిప్పు మార్చి, ఆ తర్వాతే స్విచ్ వేసి మోడ్ ఎంచుకుని, చివరగా అంకెలు అమర్చాలి. మొదటి ఆర్క్ అసలు పని మీద కాక, అదే లోహం, అదే మందం, అదే జాయింటు ఆకారం ఉన్న తుక్కు ముక్క మీద పడాలి. పైపై మెరుపు చూసి ఆగకుండా ఆ ముక్కను అడ్డంగా కోసి లేదా వంచి విరిచి చూడాలి. ముఖ్యంగా షార్ట్ సర్క్యూట్ మిగ్‌లో, బీడ్ ఎంత అందంగా ఉన్నా కింది లోహం కరగకుండా కేవలం అంటుకుని ఉండే అవకాశం ఉంది, అది విరిచినప్పుడు మాత్రమే కనిపిస్తుంది. విరిగిన చోట మూల అంచు పదునుగా, గ్రైండింగ్ గీతలు చెక్కుచెదరకుండా ఉంటే వేడి అక్కడికి చేరలేదు. వైరు వేగం పెంచి, దానికి తగ్గట్టు వోల్టేజిని మళ్లీ సవరించి, ఇంకో ముక్క విరిచి చూడాలి.